నా సీటుకు బాపు సాక్షులు

ఆ రోజుల్లో పట్నంలోని యూనివర్సిటీలో సైన్సు సీటు దొరకడమంటే మాటలు కాదు. ఇప్పటి పిల్లలకు కోచింగులున్నాయి, ర్యాంకులున్నాయి. మాకు ఉన్నదల్లా నోటిమాట. మెట్రిక్ గట్టెక్కిన కుర్రాడు "నాకు వస్తుందా, రాదా?" అని అడిగితే మొయినాబాద్ వైపు తలకొక లెక్క చెప్పేవారు. సీట్లు గుప్పెడు, అడిగేవాళ్లు గంపెడు. పైగా చదువంతా ఉర్దూలో. పట్నం పిల్లలు దాన్ని పాలతోపాటు తాగినవాళ్లు, నేనేమో బడిలో బెత్తంతోపాటు తిన్నవాణ్ణి. మొయినాబాద్‌లో కిరాణా దుకాణం నడిపే సావుకారి, "రూపాయిల ఆరణాలు ఆశ పెట్టుకో బిడ్డా, తక్కింది దేవునికి ఇడిశిపెట్టు" అన్నాడు. నాకు అక్షరాలు దిద్దించిన మిషన్ బడి పంతులు, "లెక్కలడిగితే వస్తది, భూగోళమడిగితే రాదు" అని తేల్చేశాడు. (ఆయన ప్రతి ఆదివారం తప్పకుండా ప్రార్థనకు వెళ్లే మనిషి, అబద్ధమాడడు. మా బాపు దృష్టిలో అది ఆయనకున్న ఒకే ఒక్క లోపం.) సీటు రాకపోతే నాకు మిగిలిన దారి ఒకటే, బాపు వెంట చేవెళ్ల అదాలతు మెట్లెక్కి దిగడం. అది తలచుకుంటేనే నాకు అన్నం సయించేది కాదు.

ఎందుకంటే మా బాపుకు వ్యవసాయం పేరుకే, వ్యాజ్యమే అసలు పని. మా చేను పక్కనున్న పాలివాడితో గెట్టు తగాదా నేను పుట్టకముందే మొదలైంది. తగాదా పడ్డ జాగా మీద నాలుగు తుమ్మచెట్లు, ఒక పాముపుట్ట తప్ప ఏమీ లేవు. అయినా కోర్టులో పేషీ, అంటే విచారణ, వచ్చిందంటే ఇంట్లో పండగే. బాపు ఇస్త్రీ ధోవతి కట్టేవాడు, మా అవ్వ (అమ్మను అలాగే పిలిచేవాళ్లం) సద్ది మూటలు కట్టేది, బండి చేవెళ్ల దారి పట్టేది. సాయంత్రం "వాయిదా పడ్డది" అంటూ బాపు గెలిచినంత సంబరంగా దిగేవాడు. జ్వరమొచ్చినా, పెళ్లి పడినా ఆయన పేషీ తప్పిన పాపాన పోలేదు. "అదాలతు తెల్సినోనికి లోకమంతా తెల్సినట్టే" అనేవాడు.

యూనివర్సిటీ నుంచి మౌఖిక పరీక్షకు రమ్మని కబురొచ్చింది. ఆ పరీక్ష కూడా సరిగ్గా చేవెళ్ల పేషీ రోజునే వచ్చి కూర్చుంది. ఆ పేషీకి సావుకారినీ పంతులునూ సాక్షులుగా బాపు ఎప్పుడో కుదుర్చుకున్నాడు. సావుకారికి చెప్పవలసిన మాటలు వల్లెవేయించి నెలలైంది. పంతులుకు వల్లెవేయించడం కుదరదు కాబట్టి, "తెల్సినంత చెప్పు, తెల్వంది చెప్పకు" అని ఒప్పించాడు. కబురొచ్చిన పూట బాపు అరుగు మీద కూర్చుని మీసం దువ్వుకుంటూ చాలాసేపు ఆలోచించాడు. అవ్వ గడప మీద నిలబడి, "ఏందయ్యా, ఏ దిక్కు పోతవ్?" అని అడిగింది. "పేషీ మల్లొస్తది. వీని సీటు మల్లొస్తదా?" అన్నాడు బాపు. అవ్వ కొంగుతో కళ్లొత్తుకుంది. నాకూ కళ్లు చెమర్చాయి కానీ, మరుక్షణమే ఆయన, "సాక్షులు ఎట్లాగు తయారే ఉన్నరు. బండి చేవెళ్లకు బదులు పట్నం కొట్టుడే" అనేసరికి అవి టక్కున ఆరిపోయాయి.

దారి పొడుగునా బాపు నాకు తర్ఫీదు ఇచ్చాడు. "అడిగినదానికే జవాబియ్యి. మాట పెంచినవో, ఎదుటి వకీలు పట్టుకుంటడు. తెల్వకపోతే యాదికి లేదను. సంతకం చూపెడితే జర ఆలోచించి ఒప్పుకో." ఎదుటి వకీలు ఉండడు బాపూ అని ఎంత మొత్తుకున్నా వినలేదు. "వకీలు లేకుండ విచారణ ఎట్లయితదిరా? పిచ్చోడా!" అన్నాడు. పంతులు మాత్రం గండిపేట నీళ్లవైపు చూస్తూ, "నీకు తెల్సింది తెల్సినట్టు చెప్పు" అన్నాడు. నా ఖర్మ, భయంలో నాకు బాపు పాఠమే గుర్తుండిపోయింది.

గదిలో ముగ్గురు పెద్దలు కూర్చుని ఉన్నారు. మధ్యలో తెల్లగడ్డం ప్రొఫెసరు. (వాళ్లు అడిగినదీ నేను చెప్పినదీ ఉర్దూలోనే, తెలుగులో పెడుతున్నాను, రుచి కొంత తగ్గుతుంది.) ఆయన నా దరఖాస్తు చూపించి, "ఈ సంతకం నీదేనా?" అన్నాడు. నేను వంగి చూసి, కాస్త ఆలోచించి, "నాదిలాగే ఉంది హుజూర్" అన్నాను. ఆయన కళ్లజోడు సవరించుకున్నాడు. "మీది గండిపేట వైపు కదా, ఆ చెరువు ఎందుకు కట్టించారు?" అన్నాడు. "కట్టినప్పుడు నేను పుట్టలేదు హుజూర్." "పోనీ, ఎండాకాలంలో ఆ నీళ్లు ఎందుకు తగ్గుతాయి?" "ఆ నీళ్లతో మా పొలానికి ఏ సంబంధమూ లేదు హుజూర్." పక్కనున్న ఆయన రుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ప్రొఫెసరు నవ్వలేదు. "ఇలా జవాబు చెప్పమని ఎవరు నేర్పారు బాబూ?" అని మెల్లగా అడిగాడు. అది మాత్రం బాపు తర్ఫీదులో లేని ప్రశ్న. "మా నాయన. బయట సాక్షులతో ఉన్నాడు" అనేశాను.

"సాక్షులా!" అన్నారు ముగ్గురూ ఒక్కసారే. బంట్రోతు వెళ్లి పిలుచుకొచ్చాడు. సావుకారి చెప్పులు గుమ్మం బయట విడిచి, తలపాగా సర్దుకుని, ఎవరూ అడగకుండానే కుడిచెయ్యి ఎత్తి ప్రమాణం చేశాడు. "ఈ అబ్బాయి సంగతి నీకేం తెలుసు?" అని అడిగారో లేదో, నెలల తరబడి నమిలిన పాఠం కట్ట తెగినట్టు వచ్చేసింది. "నాకు ఊహ తెల్సిన కాంచి ఆ గెట్టు వీళ్లదే హుజూర్! తూర్పు దిక్కు వాగు, పడమర దిక్కు బండ్లబాట. తుమ్మచెట్లు వీళ్ల తాతనే పెట్టిండు, నా కండ్లార చూసిన!" ఇక ఆ గది గది కాదు. రుమాలాయన బల్ల మీద తల వాల్చేశాడు. తలుపు సందులోంచి బాపు, "ఓరి నీ అక్కెర గూల! గా ముచ్చట కాదు, పోరని సంగతి చెప్పు!" అని అరిచాడు. నా సీటు ఆరణాల నుంచి అణాకు దిగిపోయిందని నాకు అర్థమైంది. భూమి చీలితే దూకుదామనుకున్నాను.

అప్పుడు పంతులు ముందుకొచ్చాడు. చెయ్యి ఎత్తలేదు, ప్రమాణం చెయ్యలేదు. "పోరడు తెలివైనోడే హుజూర్. భూగోళం రాదు. ఇంతసేపు మీకు చెప్పిన జవాబులు వానివి కావు, వాళ్ల నాయనవి. నాయనను జర దూరం పంపి మల్ల అడుగుండ్రి" అన్నాడు. ప్రొఫెసరు బాపును నీళ్లు తాగి రమ్మని వరండా చివరికి పంపించి తలుపు వేయించాడు. మళ్లీ అదే ప్రశ్న, నీళ్లు ఎందుకు తగ్గుతాయని. ఈసారి నోరు విప్పాను. చెరువు గురించి పుస్తకం మాట గుర్తు రాలేదు కానీ, మా ఇంట్లో మంచినీళ్లు చల్లబెట్టే మట్టి రంజన్ గురించి చెప్పాను. దాని మట్టిలోంచి నీళ్లు చెమర్చి గాలికి ఎగిరిపోతుంటే లోపలి నీళ్లు ఎట్లా చల్లబడతాయో, వానాకాలం ముసురులో అవే నీళ్లు ఎందుకు చల్లబడవో, పాత రంజన్ మీద పాచి పడితే అవ్వ ఎందుకు తిట్టుకుంటుందో అన్నీ చెప్పి, చెరువు నీళ్లూ అట్లాగే ఎండకు ఎగిరిపోతాయన్నాను. ఆ తర్వాత లెక్కలడిగారు. బయటికొచ్చేసరికి చొక్కా తడిసి ముద్దయింది. బాపు అడిగిన మొదటి మాట, "వాయిదా ఎప్పటికి ఏసిండ్రు?"

కొన్నాళ్లకు రెండు కబుర్లు ఒక్క వారంలోనే వచ్చాయి. చేవెళ్లలో పేషీకి రాలేదని కేసు ఏకపక్షంగా పాలివాడికి పోయింది. నాకు సీటొచ్చింది. అవ్వ రెండిటికీ కలిపి ఒకే దండం పెట్టింది. "పీడ పోయింది, పోరడు బాగుపడ్డడు" అంది. బాపు కాసేపు తుమ్మచెట్లవైపు చూసి, "పోనీ తియ్. పెద్ద కేసు గెల్చినం" అన్నాడు. అయితే వ్యాజ్యం లేని మనిషికి పొద్దుపోవాలి కదా. నెలకోసారి ఇస్త్రీ ధోవతి కట్టి, సద్ది మూటతో నా హాస్టలుకు రావడం మొదలుపెట్టాడు. వేపచెట్టు కింద కూర్చోబెట్టుకుని, ఏ పరీక్ష జరిగింది, ఎవరేం అడిగారు, నేనేం జవాబిచ్చాను, అన్నీ విని తల పంకించేవాడు. నా తోటివాళ్లు ఆయన వచ్చే రోజుకోసం ఎదురుచూసేవారు (ముఖ్యంగా అవ్వ చేసిన సర్వపిండి కోసం).

బీఎస్సీ పాసైన రోజు ఊరంతా సంతోషించింది. బాపు ఒక్కడే మంచం మీద దిగాలుగా కూర్చున్నాడు. "అంతేనారా? అయిపోయినట్టేనా? దీనికి పైకోర్టు లేదా?" అని అడిగాడు. నిజం చెప్పొద్దూ, అప్పటికే నాకు పుస్తకమంటే మొహం మొత్తింది, ఏదో ఒక నౌకరీలో పడి హాయిగా బతుకుదామని ఉంది. ఆయన ముఖం చూశాక నోట్లోంచి ఆ మాట రాలేదు. "ఉన్నది బాపూ, ఎమ్మెస్సీ" అన్నాను. "మరి ఇంక సూస్తవేంది, దాఖలు చెయ్యి!" అంటూ లేచి ధోవతి దులుపుకున్నాడు. ఎమ్మెస్సీ అయ్యాక ఇంకోటి, అది అయ్యాక మరోటి. నాకు చదువంటే తీరని దాహమని మిత్రులు ఇప్పటికీ నలుగురిలో చెబుతుంటారు. నేను కాదనను, నవ్వి ఊరుకుంటాను. బాపు పోయిన తర్వాత మాత్రం నేను మరే పరీక్షకూ కట్టలేదు.