మా పెదనాన్న ఒంటిచేతి ట్రాన్స్‌మిటర్

నా చిన్నప్పుడు రేపల్లెలో మా వీధి మొత్తానికి నీళ్ళు రాని చేతిపంపు ఒకటి, చదువు రాని నేను ఒకణ్ణి ఉండేవాళ్ళం. పంపును రెండుసార్లు బాగుచేయించారు. నన్ను మాత్రం ఎనిమిదో తరగతిలో రెండేళ్ళు కూర్చోబెట్టి, ఇక లాభం లేదని వదిలేశారు. నాకొచ్చిన విద్య ఒక్కటే, మనుషుల్ని అనుకరించడం. పాస్టరుగారు ప్రసంగం మధ్యలో గొంతు సవరించుకోవడం, హెడ్‌మాస్టరుగారు కళ్ళజోడు నుదుటి మీద పెట్టుకుని బల్లంతా వెతుక్కోవడం, తెనాలి బస్సు కండక్టరు ముక్కుతో టికెట్ టికెట్ అనడం, ఏదడిగితే అది చేసి చూపించేవాణ్ణి. తిట్టేవాళ్ళు కూడా ముందు నవ్వి, తర్వాతే తిట్టేవాళ్ళు. నవ్వించినవాడికి తప్పు అంటదని అప్పట్లో నాకు గట్టి నమ్మకం.

నా వేషాలకి అందరికంటే పెద్దగా నవ్వేది మా పెదనాన్న. ఆయన విమానదళంలో రేడియో మెకానిక్‌గా పదిహేనేళ్ళు చేసి ఇంటికొచ్చాడు. వస్తూ ఒక ట్రంకుపెట్టె తెచ్చాడు. అందులో ఒక బొమ్మ విమానం ఉండేది. బొమ్మ అన్నానని తిరునాళ్ళలో కొనేదనుకోకండి. రెక్కలు రెండూ కలిపి నా బారెడు ఉండేవి, ముక్కులో నిజం ఇంజను ఉండేది. పెదనాన్న నేల మీద నిలబడి, చేతిలో ఒక పెట్టె పట్టుకుని, దాన్ని ఆకాశంలో తిప్పేవాడు. ఆ పెట్టెనే ట్రాన్స్‌మిటర్ అంటారు. దానికి రెండు స్టిక్కులు, రెండు చేతులకి రెండు. కుడి స్టిక్కు విమానం ముక్కును ఎత్తి దించేది, రెక్కల్ని అటూ ఇటూ వంచేది. ఎడమది తోకను తిప్పేది, ఇంజను వేగం చూసుకునేది. కోతలయ్యాక ఎండిన చేలల్లో ఆయన దాన్ని ఎగరేస్తుంటే, కూలి నుంచి ఇళ్ళకి వెళ్ళేవాళ్ళు గంపలు దించి మరీ చూసేవాళ్ళు.

ఆయన వచ్చిన రెండో ఏడు, ఎండాకాలంలో తెనాలి నుంచి బస్సులో వస్తూ, ఉక్కపోతకి ఎడమ చెయ్యి కిటికీ బయట పెట్టుకుని కూర్చున్నాడు. అందరం కూర్చున్నట్టే. భట్టిప్రోలు దాటాక ఎదురొచ్చిన లారీ బస్సును రాసుకుంటూ పోయింది. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చేటప్పటికి ఆ చెయ్యి మోచేతి కింద జానెడే మిగిలింది.

తర్వాత చాలా నెలలు మా పెదనాన్న అరుగు మీదే కూర్చున్నాడు. రోజూ సాయంత్రం సంఘస్థులు ఎవరో ఒకరు వచ్చి ఆయన కోసం ప్రార్థన చేసి వెళ్ళేవాళ్ళు. ఆయన బుద్ధిగా కళ్ళు మూసుకుని ఆమేన్ అనేవాడు. వాళ్ళు వీధి మలుపు తిరగ్గానే నాతో, "దేవుడికి కూడా విసుగొచ్చుంటుందిరా, రోజూ అదే దరఖాస్తు" అనేవాడు. నవ్వేవాడు కూడా. కానీ ఆ నవ్వు గొంతు దాటి పైకి వచ్చేది కాదు. ఇల్లు పెద్దమ్మ కుట్టుమిషను మీద నడిచేది.

అలాంటప్పుడు బాపట్ల నుంచి ఒక ఉత్తరం వచ్చింది. అక్కడ హాస్టలున్న ఒక బడి కరస్పాండెంటుగారు, పిల్లలకి ఈ బొమ్మ విమానాలు చేయడం, ఎగరేయడం నేర్పే మాస్టారి కోసం చూస్తున్నారట. మా పెదనాన్న గురించి ఎవరో చెప్పారు. చెయ్యి గురించి కూడా చెప్పారు. కరస్పాండెంటుగారు మర్యాదగానే రాశారు. ఒకసారి పిల్లల ముందు ఎగరేసి, క్షేమంగా దించి చూపిస్తే చాలు, ఉద్యోగం మీదే అని. ఆ ఉత్తరం చదివి పెదనాన్న అరుగు మీంచి లేచాడు.

రెండు చేతుల పెట్టెను ఒంటిచేతి పెట్టెగా మార్చడానికి రెండు నెలలు పట్టింది. నన్ను బడి ఎలాగూ వదిలేసింది కాబట్టి, ఆ రెండు నెలలూ నేనే ఆయన ఎడమ చెయ్యిని. ఆయన కుడి చేత్తో మర బిగిస్తుంటే నేను అవతలి వైపు పట్టుకునేవాణ్ణి. ముందు రెండు స్టిక్కులూ పీకేసి, మధ్యలో ఒక్కటే పెట్టాడు. అది విరిగిన గొడుగు కడ్డీ ముక్క. లోపల బోలు కనుక దాంట్లోంచి సన్నటి తీగలు పైకి పంపి, కొసన పాత రేడియో మర ఒకటి బిగించాడు. స్టిక్కును ముందుకూ వెనక్కూ తోస్తే ముక్కు, పక్కలకి వంచితే రెక్కలు, పైనున్న మర తిప్పితే తోక. వదిలేస్తే మళ్ళీ నడిమధ్యకి వచ్చి నిలబడడానికి బాల్‌పెన్నుల్లోని స్ప్రింగులు వేశాడు. స్టిక్కు కింద బిగించే, రేడియోల్లో వాడే వాల్యూం కంట్రోళ్ళ కోసం రైల్లో తెనాలి వెళ్ళేవాళ్ళం. రిపేరు షాపులో ఒక్కొక్కటీ చెవి దగ్గర పెట్టుకుని నెమ్మదిగా తిప్పి చూసేవాడు. పది చూస్తే ఒకటి నచ్చేది. షాపాయన, "ఏంటండీ, పెళ్ళిచూపులా?" అనేవాడు. "ఒకసారి బిగిస్తే కాపురం చెయ్యాలి కదండీ" అనేవాడు పెదనాన్న.

అన్నీ కుదిరాయి గానీ ఇంజను వేగానికి వేలు మిగల్లేదు. వారం రోజులు పెట్టె ముందేసుకుని కూర్చున్నాడు. ఒక మధ్యాహ్నం పెద్దమ్మ పప్పు వడ్డిస్తుంటే గరిటె వైపు అదేపనిగా చూసి, ఇలా ఇవ్వమన్నాడు. ఆ గరిటె గుంటలో తన మొండిచెయ్యి కొస పెట్టి చూసుకున్నాడు. కొలిచి చేసినట్టు సరిపోయింది. కాడ కోసి, పెట్టెకి ఎడమ పక్కన మీటలాగా బిగించాడు. మొండిచేత్తో నెడితే ఇంజను అరిచేది, వెనక్కి తీస్తే మెత్తబడేది. పెద్దమ్మ వీధంతా వినపడేలా, "మా ఇంటి విమానం పప్పు గరిటెతో ఎగురుతుందమ్మా" అని చెప్పుకుంది. అది ఫిర్యాదులా లేదు. ఆ పెట్టెను మెడకి పటకాతో తగిలించుకుని, మా ఊరి చేలల్లో పదిసార్లు ఎగరేశాడు. పదిసార్లూ పూలబుట్ట దించినట్టు దించాడు. ఆయన నవ్వు మళ్ళీ పైకి వినపడింది.

ఇక్కడ ఒక కట్టుబాటు గురించి చెప్పాలి. ఆ రోజుల్లో ఈ పెట్టెలకి రేడియో స్టేషన్లు తక్కువ. ఒకే స్టేషను మీద రెండు పెట్టెలు ఆన్ అయితే, విమానానికి ఇద్దరి మాటా ఒకేసారి వినపడి పిచ్చెక్కుతుంది. అందుకని ఎగరేసేవాళ్ళు ఎర్ర రంగు పూసిన బట్టల క్లిప్పు ఒకటి దగ్గర ఉంచుకునేవాళ్ళు. ఎవరి ఏరియల్‌కి ఆ క్లిప్పు ఉంటే, అంతసేపూ ఆకాశం వాళ్ళది. మిగిలినవాళ్ళు స్విచ్చు జోలికి పోకూడదు. ఇది పెదనాన్న నాకు నూరుసార్లు చెప్పాడు. నాకు తెలియక జరిగిందని చెప్పుకునే వీలు కూడా అందుకే లేదు.

చెప్పిన శనివారం చెరుకుపల్లి మీదుగా బాపట్ల వెళ్ళాం. ఊరి బయట, సముద్రం వైపు, ఉప్పు తేలిన పర్ర నేల. కనుచూపు మేర చెట్టు లేదు. కరస్పాండెంటుగారు, వరసలో నిలబెట్టిన హాస్టలు పిల్లలు, గుంటూరు నుంచి ఒక ఇంజినీరుగారు. ఆయనకీ ఇదే సరదా. మంచిచెడ్డా చూసి చెప్పడానికి పిలిపించారు. ఆయన కూడా తన విమానం, తన పెట్టె తెచ్చుకున్నాడు. రెండు పెట్టెలదీ ఒకే స్టేషను. ఇంజినీరుగారు పెట్టెను చాప మీద పెట్టి, ఎర్ర క్లిప్పు తీసి పెదనాన్న ఏరియల్‌కి తనే తగిలించాడు. పెదనాన్న నా వైపు తిరిగి, "ఆ చాప దగ్గర నువ్వుండరా. ఎవరినీ ముట్టుకోనివ్వకు. నువ్వైతే తెలిసినవాడివి" అన్నాడు.

విమానం లేచింది. మా ఊళ్ళో ఎగిరినదానికంటే బాగా ఎగిరింది. ఇంజినీరుగారు నోరు తెరుచుకుని, విమానాన్ని వదిలేసి ఆ గరిటె వైపు చూస్తున్నాడు. కరస్పాండెంటుగారు చప్పట్లు కొట్టారు. "ఇంక దింపండి, చూద్దాం" అన్నారు.

చాప దగ్గర నా చుట్టూ వెనక వరస పిల్లలు ఐదారుగురు చేరారు. వాళ్ళకి మెడలు నొప్పి పుట్టి విసుగొచ్చింది. అందులో ఒకడు, "మీ పెదనాన్న ఎలా ఆడిస్తాడో చెయ్యవా" అన్నాడు. నన్ను ఎవరైనా చెయ్యమంటే చెయ్యకుండా ఉన్న రోజు ఉందా? ఎడమ చెయ్యి చొక్కా లోపలికి లాక్కుని, చొక్కా చెయ్యి ఖాళీగా వేలాడేసుకున్నాను. ఇంజినీరుగారి పెట్టె మెడలో తగిలించుకున్నాను. ఏరియల్ లాగాను. నాలుక కొస పళ్ళ మధ్య పెట్టి, కళ్ళు చికిలించి, మోచేత్తో లేని గరిటెను నెట్టాను. పెదనాన్న అచ్చంగా అలాగే చేసేవాడు. పిల్లలు పడీ పడీ నవ్వారు. ఆ నవ్వు చాల్లేదు నాకు. పెట్టె మీద గాజు వెనక ముల్లు ఒకటి ఉంటుంది, ఆన్ చేస్తే టక్కున లేస్తుంది. అది కూడా లేస్తే వేషం నిండుగా ఉంటుందనిపించింది. స్విచ్చు వేశాను. ముల్లు లేచింది.

అటు విమానం తాటిచెట్టు ఎత్తులో, దిగడానికి వస్తోంది. ఒక్కసారి ఉలిక్కిపడింది. ఒక రెక్క ఎగిరింది, ముక్కు వాలింది. నాకు సంగతి తెలిసి స్విచ్చు కట్టేటప్పటికి నాలుగు క్షణాలు పట్టి ఉంటుంది. అంత కింద ఉన్నదానికి సర్దుకునే చోటెక్కడ? పడ్డ చప్పుడు కూడా పెద్దగా లేదు, ఎండిన కొబ్బరిమట్ట రాలినట్టుగా అంతే.

పెదనాన్న విమానం వైపు పరిగెత్తలేదు. నిలబడ్డచోటనే వెనక్కి తిరిగాడు. అందరూ అటు చూస్తుంటే ఆయన ఒక్కడే ఇటు చూశాడు. ఖాళీ చొక్కా చేతితో, మెడలో పెట్టెతో, పళ్ళ మధ్య నాలుకతో నేను కనపడ్డాను. నన్ను చూశాడని ఎలా అనను? నాలో తనని చూసుకున్నాడు.

"ఏమైందండీ?" అని కరస్పాండెంటుగారు ఆయన దగ్గరికి వచ్చారు.

"నాదే తప్పండి. చెయ్యి జారింది."

ఇంజినీరుగారు తల అడ్డంగా ఊపాడు. "చెయ్యి జారితే అలా కొట్టుకోదండీ. సిగ్నలు దెబ్బతింటేనే..." అంటూ చాప వైపు తిరగబోయాడు. పెదనాన్న ఆయనకి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

"నా చెయ్యి సంగతి నాకు తెలుసండి. జారింది."

నేను పెట్టెను ఎప్పుడో చాప మీద పెట్టేశాను. పిల్లలకి స్విచ్చు గొడవ తెలియదు, వాళ్ళు నవ్విందే తెలుసు. నోరు తెరవాల్సినవాణ్ణి నేను ఒక్కణ్ణే. రోజంతా మూతపడని నా నోరు ఆ ఐదు నిమిషాలూ తెరుచుకోలేదు. కరస్పాండెంటుగారు మంచిగానే మాట్లాడారు. పనితనం గొప్పదే గానీ, పిల్లల తలల మీద ఎగిరే వస్తువు కదా, ఒంటిచేత్తో కష్టమండీ అన్నారు. పెదనాన్న, "అవునండి" అన్నాడు. ఆ మాట ఎవరన్నా ఒప్పుకోనివాడు, ఆ రోజు తనే ఒప్పుకున్నాడు.

తిరుగు బస్సులో చెరుకుపల్లి దాటాం. అప్పుడు పెదనాన్న కిటికీ వైపు చూస్తూనే అడిగాడు.

"నవ్వారా పిల్లలు?"

"నవ్వారు పెదనాన్నా."

"ఊఁ" అన్నాడు. దాని గురించి మా మధ్య ఈ జన్మకి అంతే.

రేపల్లె బస్టాండులో పెద్దమ్మ ఎదురుచూస్తోంది. మమ్మల్ని చూడగానే ఏమీ అడగకుండా ముందు నడిచింది. ఆయన ఆ పెట్టెను మళ్ళీ ముట్టుకోలేదు. దాని వాల్యూం కంట్రోళ్ళు ఒక్కొక్కటిగా ఇరుగుపొరుగు రేడియోల్లోకి వెళ్ళిపోయాయి. బతికినన్నాళ్ళూ ఒక రైసుమిల్లు గేటు దగ్గర కుర్చీలో కూర్చున్నాడు. వచ్చిన లారీకి గేటు తీయడం, పోయిన లారీకి వేయడం. ఊళ్ళో వాళ్ళకి గుర్తున్నది ఒకటే, ఒంటిచేత్తో విమానం ఎగరేయబోయి పడేసుకున్నాడని.

నేను చెప్పి ఉండాల్సింది. బాపట్ల ఎంత దూరం? పెళ్ళయ్యాక ఒకసారి వెళ్ళాను కూడా, ఆ బడి గేటు దాకా. కరస్పాండెంటుగారు ఉన్నారా అని అడగబోయి, వాచ్‌మన్‌ని రెండు జోకులతో నవ్వించి, టీ తాగి తిరిగొచ్చాను. పెదనాన్న బతికున్నన్నాళ్ళూ, రేపు చెబుదాం అనుకుంటూ ఆయన ముందు కూర్చుని ఊళ్ళో వాళ్ళందరి వేషాలూ వేశాను. ఆయన వేషం తప్ప.

ఇప్పుడు మా వైపు చేలల్లో డ్రోన్లతో మందు కొడుతున్నారు. కుర్రాళ్ళు గట్టు మీద నిలబడి రెండు స్టిక్కులు ఆడిస్తుంటారు. నేను అక్కడ నిలబడలేను. పెళ్ళిళ్ళలో మైకు పట్టుకుని నవ్వించడమే నా బతుకు తెరువు, అది మానలేదు. కానీ ఎవరినైనా అనుకరిస్తున్నప్పుడు, నవ్వు బాగా లేచిన చోట, నాకు తెలియకుండానే ఒకసారి వెనక్కి తిరిగి చూస్తాను. వాళ్ళు అక్కడ నిలబడి ఉంటారేమోనని. ఆ రోజు నాకు మిగిల్చింది అదే.

పెదనాన్న పోయిన ఏడాదికి, జ్ఞాపకార్థ కూడిక అయ్యాక, పెరట్లో చిక్కుడుకాయలు వొలుచుకుంటున్న పెద్దమ్మ దగ్గర కూర్చుని మొత్తం చెప్పేశాను. చొక్కా లోపలి చెయ్యి, ముల్లు, స్విచ్చు, అన్నీ. ఆవిడ తల ఎత్తలేదు, వొలవడం ఆపలేదు. అలవాటు చొప్పున నవ్వులాటకి దిగాను. "ఆ రోజే నాకు రెండు తగిలించి ఉంటే పోయేది కదా పెద్దమ్మా. ఆయనకీ కోపం తీరేది, నేనూ మర్చిపోయేవాణ్ణి" అన్నాను.

పెద్దమ్మ అప్పుడు నా మొహంలోకి చూసింది.

"ఆయనకి ఉన్నది ఒక్క చెయ్యేగా. బస్సు దిగేటప్పుడు చూశాను, దాంతో నీ చెయ్యి పట్టుకునున్నారు. ఇంక దేంతో కొడతార్రా నిన్ను?"