సొలొమోను వేసిన మురుగు దారి

దివిసీమ ఉప్పెనలో సొలొమోను భార్య అమలమ్మ పోయింది. పురిటికని నాగాయలంక దగ్గరి పుట్టింటికి వెళ్లిన మనిషి. ఆ ఇల్లు ఉన్నచోట ఇసుక మేట తప్ప ఏమీ మిగల్లేదు. సొలొమోను అందరితోపాటు పొలాల వెంట వెతికాడు. శవం దొరకలేదు. తిరిగి బెజవాడ వచ్చి డ్యూటీలో చేరిపోయాడు.

ఆయన నీటి సరఫరా, మురుగు పనులు చూసే ఓవర్సీరు. గవర్నర్‌పేటలో అక్క సంపూర్ణమ్మ ఇంట్లో ఉండేవాడు. ఆమె ఆసుపత్రిలో నర్సు. కంచం ముందు కూర్చున్న తమ్ముణ్ణి చూస్తే ఆమెకు భయం వేసేది. పెట్టింది తినేవాడు, ఏం తిన్నాడో చెప్పలేకపోయేవాడు.

"ఒక్కసారి ఏడవరా" అంది ఒకరోజు.

"రావట్లేదక్కా. నేనేం చెయ్యను?" అన్నాడు. అబద్ధం కాదు. లోపల ఏదో తిమ్మిరెక్కినట్టుండేది.

కోతలయ్యాక ఆఫీసు వాళ్లు ఆయనకు కొత్త పని అప్పగించారు. హనుమాన్ జంక్షన్ వెళ్లే రోడ్డు పక్కన ఒక హౌసింగ్ సొసైటీ మాగాణి కొని ప్లాట్లు వేసింది. అక్కడికి మంచినీళ్ల పైపులు, మురుగు పైపులు ప్లాను చేయాలి. సొలొమోను వరిమోళ్ల మధ్య డంపీ లెవెల్ నిలబెట్టి ఎత్తుపల్లాలు చూశాడు. మంచినీళ్లది పెద్ద చిక్కు కాదు. బోరు వేసి ట్యాంకు కడితే సరిపోతుంది. మురుగుదే ఇబ్బంది. దానంతటది పారాలంటే పైపుకు వాలు ఉండాలి. ఆ నేల చూస్తే చాప పరిచినట్టుంది. అందుకని పైపునే లోతుకు దించుకుంటూ పోవాలి. చివరికి వచ్చేసరికి నిలువెత్తు గొయ్యి అవుతుంది. అక్కణ్ణుంచి పంపుతో తోడి పక్కనున్న పంట కాలువలోకి వదలాలని సొసైటీ వాళ్ల ఆలోచన.

ఆ కాలువ గట్టున ఆయన కొలతలు తీస్తుంటే దిగువ పేట నుంచి రావమ్మ అనే కూలిమనిషి బిందెతో వచ్చింది.

"ఏం కడతారు బాబూ ఇక్కడ?"

"ఇళ్లమ్మా. కాలనీ."

"అంతమంది వాడిన నీళ్లు ఎటు పోతాయండీ?"

సొలొమోను కాలువ వైపు చూశాడు. ఆమె కూడా చూసింది. బిందె ముంచుకుని చంకన పెట్టుకుని వెళ్లిపోయింది.

ఆయనకు జాలి వేయలేదు, కోపమూ రాలేదు. వేసవిలో కాలువలకు నీళ్లు కట్టేస్తే ఈ మురుగు పారదు, ఇక్కడే నిలబడిపోతుంది, అనుకున్నాడు. ఆఫీసుకు వెళ్లి ప్లాను మార్చాడు. లేఔట్లో అన్నిటికన్నా పల్లమైన మూల ప్లాట్లు తీసేసి, అక్కడ మురుగును ఎండకు నిలవబెట్టి శుద్ధి చేసే చెరువు గీశాడు.

సొసైటీ ప్రెసిడెంటు వెంకటసుబ్బారావు ఆయన్ని పిలిపించాడు. గదిలో మెంబర్లు కూడా ఉన్నారు.

"ఆ మూల ప్లాట్లు అలాట్ చేసేశామండీ. ఇప్పుడు చెరువంటే వాళ్లకేం చెప్పమంటారు? కాలవ పక్కనే ఉందిగా!"

"దిగువన ఆ నీళ్లే తాగుతున్నారండి."

"వాళ్లకి బోరు వేయిద్దాంలెండి తర్వాత."

"ముందు వేయించండి. అప్పుడు మారుస్తాను."

"నేను పైన చెప్పానంటే మీకు ట్రాన్స్‌ఫర్ అయిపోద్ది, తెలుసా?"

"అవనివ్వండి."

గదిలో ఉన్నవాళ్లు అది ధైర్యమనుకున్నారు. నిజానికి భయపడటానికి ఆయనలో ఏమీ మిగల్లేదు.

వెంకటసుబ్బారావు గొంతు పెంచాడు. "మీ ఇంటి ముందు అలాంటి చెరువు తవ్వితే ఊరుకుంటారా మీరు?"

"నాకు ఇల్లు లేదండి" అన్నాడు సొలొమోను మామూలుగా.

ఒక మెంబరు వంగి ప్రెసిడెంటు చెవిలో ఉప్పెన సంగతి చెప్పాడు. వెంకటసుబ్బారావు ముఖం మారింది. "సరే, కానివ్వండి" అన్నాడు తలెత్తకుండా.

చెప్పిన కారణం విని ఒప్పుకోలేదు, తనను చూసి ఒప్పుకున్నారు. అది సొలొమోనుకు తెలిసింది. దానికీ ఆయనకు ఏమీ అనిపించలేదు. మెట్లు దిగి సిటీ బస్సెక్కాడు.

పని మరుసటి ఏడు పూర్తయింది. పైపులు సరిగా పారుతున్నాయో లేదో చూడటానికి ఎగువ మ్యాన్‌హోల్లో నీళ్లు పోయించి, తను దిగువ గొయ్యి దగ్గర కూర్చున్నాడు. చాలాసేపటికి నీళ్లొచ్చాయి. సిమెంటు పొడినీ గడ్డిపరకల్నీ మోసుకుంటూ చీకట్లోంచి మెల్లగా వచ్చాయి. ఆ చప్పుడు వింటూ ఆయన గొయ్యి మీదికి వంగి అలాగే ఉండిపోయాడు. పక్కనున్న మేస్త్రీ మరియదాసు, "ఏంటి సార్, ఒంట్లో బాలేదా?" అని భుజం పట్టుకున్నాడు. "బానే ఉంది. మూత వెయ్యి" అన్నాడు సొలొమోను.

కాలనీలో చేరినవాళ్లు దోమలని, వాసనని ఆ చెరువును తిట్టుకున్నారు. దిగువ పేటవాళ్లకు అలాంటి గొడవ ఒకటి జరిగిందని తెలియనే తెలియదు.

ట్రాన్స్‌ఫర్ ఎవరూ చేయలేదు. ఆయనే అడిగి దివిసీమలో కొత్తగా కడుతున్న ఇళ్లకు నీళ్ల పని మీద వెళ్లాడు. సంపూర్ణమ్మ వద్దని పోట్లాడింది. "అక్కడికెళ్లి రోజూ ఏం చూస్తావురా?" అంది. ఆయన పెట్టె సర్దుకున్నాడు.

కొన్నాళ్లకు ఆమె చూడటానికి వెళ్లింది. బస్సు దిగి అడుగుతూ పోతే, ఒక వీధి చివర కుళాయి దగ్గర తమ్ముడి కేక వినిపించింది. దిమ్మె పల్లంలో కట్టారని తాపీమేస్త్రీ మీద అరుస్తున్నాడు. "వానొస్తే మునిగిపోద్దయ్యా! పగలగొట్టు, మళ్లీ కట్టు!" ముఖమంతా ఎర్రబడింది, మెడ నరాలు ఉబ్బాయి. ఉప్పెన తర్వాత తమ్ముడు గొంతెత్తడం ఆమె వినడం అదే మొదటిసారి. పిలవలేదు. అరవడం అయిపోయేదాకా సంచీ పట్టుకుని ఎండలో అలాగే నిలబడింది.