విల్ఫ్ ఆక్రాయిడ్ పెన్సిల్ చప్పుడు

ఇంగ్లండులో మా కీత్లీ ఊళ్ళో దుకాణాలవాళ్ళు తూనికల ఇన్‌స్పెక్టరుకైనా అంత జంకేవాళ్ళు కాదు గానీ, విల్ఫ్ ఆక్రాయిడ్ వీధి మలుపు తిరిగాడంటే గతుక్కుమనేవాళ్ళు. మాంసం కొట్టువాడు బయట పెట్టిన నల్లపలక మీద సాసేజీల ధర రాసి, మాట చివర అక్కర్లేని అపాస్ట్రఫీ కొక్కెం ఒకటి తగిలించాడనుకోండి, ఈయన అక్కడే ఆగిపోయేవాడు. ఆ కొక్కేన్ని బొటనవేలితో తుడిచేసి, వేలు చేతిరుమాలుకి రాసుకుని తన దారిన తను పోయేవాడు. కొట్టువాడితో ఒక్క మాట అనడు. పబ్బులో కుర్రకారు గోడమీద కావాలనే తప్పులు రాసి, బీరు వదిలేసి ఈయన ఎంతసేపట్లో లేస్తాడా అని పందాలు కాసేవాళ్ళు. పాపం, లేచేవాడు.

"ఎందుకండీ ఊరి పలకలన్నీ మీకు? లోకం నవ్వుతోంది" అని నేను ఒకసారి అడిగేశాను.

"నీ ముక్కుమీద మసి ఉంటే చెప్పనా, అమ్మాయ్? నువ్వలాగే బజారుకెళ్తుంటే చూస్తూ ఊరుకోనా? ఇదీ అంతే" అన్నాడు. నిజానికి ఆయనకి ఎవర్నీ చిన్నబుచ్చాలని ఉండేది కాదు. అది చెప్తే ఊళ్ళో ఎవడూ నమ్మడు, అది వేరే సంగతి.

నా పేరు డోరీన్ సగ్డెన్. మా ఊరి వారపత్రికలో ఆయన ప్రూఫురీడరు, నేను ఆయనకి చదివిపెట్టే మనిషిని. ఇప్పుడా పని ఎక్కడా లేదు గనక చెప్తున్నాను, వినండి. విలేఖరి చేత్తో రాసిచ్చిన కాగితం నా దగ్గరుంటుంది, అచ్చు తీసిన ప్రూఫు ఆయన ముందుంటుంది. నేను పైకి చదవాలి. మాటలొక్కటే కాదు, కామా అని, చుక్క అని, పెద్దక్షరం అని అన్నీ నోటితో చెప్పాలి. కొత్తగా వినేవాళ్ళకి పిచ్చిపట్టిన చర్చి ప్రార్థనలా ఉండేది. నాది నోరు, ఆయనది కన్ను. చదువుతున్నంతసేపూ ఆయన పెదవి విప్పడు. తేడా కనబడిందంటే పెన్సిల్‌తో బల్లమీద టక్‌మని ఒక్క దెబ్బ వేస్తాడు. ఆ చప్పుడుకి నేను ఎక్కడున్నదాన్నక్కడ ఆగి, వాక్యం మొదటికెళ్ళి మళ్ళీ చదవాలి. అప్పటికీ కుదరకపోతే మళ్ళీ టక్, మళ్ళీ మొదటికి.

దొరికేవన్నీ రోజూ దొరికే తప్పులే. 'అక్కడ' అన్నదీ 'వాళ్ళది' అన్నదీ ఇంగ్లీషులో ఒకేలా పలుకుతాయి, తొందరలో ఒకదాని చోట ఒకటి రాసేస్తారు. 'రిసీవ్'లో ఈ ముందా ఐ ముందా అని తలకొట్టుకుంటారు. గొర్రెల సంతకి వచ్చింది ఒక మందే కదా అని మొదలుపెట్టి, క్రియ దగ్గరికి వచ్చేసరికి గొర్రెలన్నిట్నీ లెక్కలోకి తెచ్చి బహువచనం పెట్టేస్తారు. ఆయన కన్ను అన్నిటినీ పట్టేసేది. నాకా, విసుగొచ్చేది. పిండివంటల పోటీల ఫలితాల్ని అన్నిసార్లు వెనక్కెళ్ళి చదవాలంటే ఎవరికైనా వస్తుంది.

నాకంటే ముందు ఆ కుర్చీలో కూర్చుని ఆయనకి చదివినావిడ హిల్డా. తరవాత ఆయన్నే పెళ్ళి చేసుకుని కుర్చీ నాకు వదిలింది. వాళ్ళ ప్రేమ సంగతి ఒకరోజు బంగాళాదుంపల తొక్కు తీస్తూ ఆవిడే చెప్పింది. ఆ రోజు పెళ్ళి ప్రకటనలు చదువుతోందట. ఆయన ఏడాదిగా ఎదురుగా కూర్చుని ఒక్క మాటా అనకపోయేసరికి ఒళ్ళు మండి, కాగితంలో లేని ప్రకటన ఒకటి తనే కల్పించి అదే గొంతుతో చదివేసింది. "పెద్దక్షరం విల్ఫ్ పెద్దక్షరం ఆక్రాయిడ్‌కి, కామా, కుమారి పెద్దక్షరం హిల్డాకి పెళ్ళి నిశ్చయం, చుక్క" అని. ఆయన తలెత్తలేదు. పెన్సిల్‌తో టక్‌మన్నాడు. ఆవిడ మొదటికెళ్ళి మళ్ళీ చదివింది. మళ్ళీ టక్. "తప్పు దొరికి కాదు పిల్లా, మళ్ళీ వినాలని. అప్పటికి చెవులు ఎర్రగా కందిపోయాయి ఆయనకి" అని పగలబడి నవ్వింది. పిల్లలు కలగలేదు వాళ్ళకి. ఆవిడ వాగుతూనే ఉండేది, ఆయన వింటూనే ఉండేవాడు. ఆ ఇంట్లో రేడియో కొనాలని ఎవరికీ తోచలేదు.

ఆయన రిటైరైన మరుసటేడు హిల్డాకి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది. మాట పోలేదు గానీ మాటలన్నీ కలగాపులగం అయిపోయాయి. టీ కావాలంటే "గొడుగు పెట్టు" అనేది. పిల్లిని "మెట్లు" అనేది. పేర్లయితే ఒక్కటీ నోటికి వచ్చేది కాదు. మాట నేర్పడానికి ఆసుపత్రి నుంచి వచ్చిన అమ్మాయి ఆక్రాయిడ్ గారిని పక్కకి పిలిచి గట్టిగానే చెప్పింది. "ఏం మాట్లాడినా మాట్లాడనివ్వండి. దిద్దకండి. దిద్దారంటే భయపడి నోరు మూసేస్తుంది. అలా మూసుకున్నవాళ్ళు మళ్ళీ తెరవరు."

"నేను నోరు విప్పను" అన్నాడాయన. అన్నమాట నిలబెట్టుకున్నాడు కూడా.

అయినా హిల్డా రోజురోజుకీ మాటలు తగ్గించేసింది. నేను గురువారం గురువారం వెళ్ళి కూర్చునేదాన్ని, ఆయన బజారుపని చూసుకుంటాడని. ఒకరోజు ఆయన ఇంకా బయల్దేరక ముందే వెళ్ళాను. హిల్డా ఏదో చెప్పబోయింది. "పొద్దున మెట్లు గొడుగంతా పారబోసి..." టక్‌మని చప్పుడైంది. చూస్తే ఆక్రాయిడ్ గారి చూపుడువేలు, కుర్చీ చేతిమీద. ఆవిడ ఆగింది. "పొద్దున మెట్లు..." అంది. టక్. "పొద్దున..." టక్. ఆవిడ మొదటికెళ్ళింది, మళ్ళీ మొదటికెళ్ళింది, ఆ పైన నోరు మూసుకుని కిటికీ వైపు తిరిగిపోయింది. నేనూ ఆ కుర్చీలో కూర్చున్నదాన్నే కదా, ఆ చప్పుడుకి నాలుక ఎలా వెనక్కిపోతుందో నాకు తెలుసు. ఆయన మొహం చూస్తే ప్రేమ తప్ప ఇంకేం లేదు. వేలు ఏం చేస్తోందో ఆ మనిషికి తెలీనే తెలీదు.

వంటింట్లోకి లాక్కెళ్ళాను. "ఏం చేస్తున్నారండీ మీరు?"

"ఏం చేశాను? ఒక్క మాట అన్నానా?"

"మాట అక్కర్లేదు. మీ వేలు అంటోంది. ఆవిడ తప్పు మాట్లాడిన ప్రతిసారీ బల్లమీద కొట్టినట్టు కొడుతున్నారు."

ఆయన చెయ్యి పైకెత్తి, అది ఎవరిదో అన్నట్టు అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. సింకు అంచు పట్టుకుని నిలబడిపోయాడు. "ఎన్నాళ్ళనుంచి?" అన్నాడు.

ఆ రోజు నుంచి ఆయన పడని పాటు లేదు. ఇంట్లో కూడా చేతులకి ఉన్ని తొడుగులు వేసుకునేవాడు. చేతులు తొడల కింద పెట్టుకుని బడిపిల్లాడిలా కూర్చునేవాడు. కానీ లాభం లేకపోయింది. ఆయన గదిలోకి వస్తే చాలు, హిల్డా కళ్ళు ఆయన మొహం మీద కాదు, చేతుల మీద ఉండేవి. పెదవులు బిగుసుకుపోయేవి. కోపం కాదది. ఆయన పక్కన కూర్చుంటే ఎడమచేత్తో ఆయన మోకాలు నిమిరేది. మాట మాత్రం వచ్చేది కాదు. ఆయన అటు బజారుకెళ్ళి వీధితలుపు మూసుకోగానే నాతో గలగలా మొదలుపెట్టేది.

ఆయన తిరిగొచ్చి అడిగేవాడు. "మాట్లాడిందా?"

"ఆపితేగా. పక్కింటావిడ పొయ్యి గురించి, అత్తగారి గురించి, ఒకటా రెండా. అంతా తిరగామరగా అనుకోండి. నవ్వింది కూడా."

"నవ్విందా" అనేవాడు. సంచీ దింపడం మర్చిపోయి అలాగే నిలబడేవాడు. ఒక గురువారం, "నాకూ వినాలని ఉంది, డోరీన్" అన్నాడు. అంత పెద్దమనిషి అలా అడుగుతుంటే నాకు చచ్చేంత జాలేసింది.

అప్పట్నుంచి ఆయన చేసే పని ఏంటంటే, "వెళ్ళొస్తా" అని కేకేసి, వీధితలుపు తెరిచి, గట్టిగా మూసేవాడు. కానీ లోపలే ఉండేవాడు. కోటూ టోపీతో నడవలో గోడకానుకుని నిలబడి వినేవాడు. మా వరస ఇళ్ళల్లో నడవ అంటే చలిగుహే, తలుపు సందుల్లోంచి గాలి కోసేస్తుంది. పైగా అచ్చుయంత్రాల పక్కన పనిచేసి ఆయనకి చెవి మందం. "ఏమైనా తెలుస్తోందా మీకు?" అని అడిగితే, "మాటలు తెలియవు. గొంతు తెలుస్తోంది. అది చాలు నాకు" అన్నాడు. తప్పులు పట్టడానికే పుట్టాడని ఊరంతా నవ్విన మనిషి, ఒక్క మాటా అర్థంకాని చోట ఒంటికాలి మీద నిలబడి వింటున్నాడు. నాకు ఊరి మీద ఒళ్ళు మండిపోయింది.

హిల్డాని మోసం చేస్తున్నామని నేను అనుకున్నాను. జనవరిలో మంచు పడ్డ గురువారం తెలిసింది, మోసపోయింది మేమే అని. కబుర్ల మధ్యలో ఆవిడ ఉన్నట్టుండి తలుపు వైపు చూపించి నాతో ఒక మాట అంది. విల్ఫ్ అక్కడే ఉన్నాడనీ, చలేస్తుందనీ, లోపలికి తీసుకురమ్మనీ దానర్థం. ఎన్ని వారాలుగా తెలుసో. నేను నడవలోకి పరిగెత్తాను. ఆయన ముక్కు చివర ఎర్రగా గడ్డకట్టుకుపోయి ఉంది.

"విల్ఫ్ చలిలో ఉన్నాడు, లోపలికి తీసుకురా అంటోంది. రండి. మిమ్మల్నే పిలుస్తోంది."

ఆయన మొహం వెలిగింది. ఒక అడుగు వేశాడు. వేసి, తొడుగుల్లో ఉన్న తన చేతుల వంక చూసుకుని ఆగిపోయాడు. "వద్దులే. ఇవాళ బాగా మాట్లాడుతోంది. నేనొస్తే ఆపేస్తుంది. మాట్లాడనీ."

"పిలిచిందండీ బాబూ, పిలిచాక ఎందుకాపుతుంది?"

"పాడుచెయ్యకు డోరీన్. వచ్చే వారం వస్తాను. చేతులు కోటు జేబుల్లో పెట్టి కుట్టేసుకుని వస్తాను" అని నవ్వబోయాడు. నేను లోపలికి వెళ్ళి, వస్తాట్ట అన్నాను. హిల్డా చాలాసేపు తలుపు వంకే చూసి, మళ్ళీ పక్కింటావిడ పొయ్యి సంగతి ఎత్తుకుంది.

ఆ తరవాతి మంగళవారం పొద్దున ఆవిడకి రెండోసారి పక్షవాతం వచ్చింది. ఆసుపత్రి బండి వచ్చేలోపే పోయింది.

అంత్యక్రియలయి చర్చి నుంచి వచ్చాక అందరూ హ్యామ్ సాండ్‌విచ్‌లు తిని, ఆయన భుజం తట్టి వెళ్ళిపోయారు. నేను కప్పులు కడుగుతుంటే ఆయన వచ్చి వంటింటి స్టూలు మీద కూర్చున్నాడు.

"ఆ రోజు ఏమంది?"

"చెప్పాను కదండీ. విల్ఫ్ చలిలో ఉన్నాడు, లోపలికి..."

"అది నువ్వన్న మాట. పేర్లు దానికి నోటికి రావు కదా. అది ఎలా అందో అలాగే చెప్పు. తప్పులు తీసెయ్యకు."

చేతులు తుడుచుకున్నాను. "నా ఆదివారం బయట చలిలో ఉంది పిల్లా, లోపల పెట్టు. అలా అంది."

"ఆదివారమా" అన్నాడు. "నన్నా?"

"మిమ్మల్నే. నాతో ఎప్పుడూ అలాగే అనేది. నా ఆదివారం బజారుకెళ్ళింది, నా ఆదివారం సరిగ్గా తినట్లేదు అని."

"వచ్చుంటే విని ఉండేవాణ్ణి" అన్నాడు. "అందులో దిద్దడానికేముంది? పిలిచింది. పిలిస్తే నేను వెళ్ళలేదు."

అలా అనకండి అందామనుకున్నాను. కానీ ఆవిడ పిలిచిందన్నదీ నిజమే, ఆయన వెళ్ళలేదన్నదీ నిజమే. స్టూలు పక్కకి ఇంకొకటి లాక్కుని ఆయన ఏడుస్తున్నంతసేపూ కూర్చున్నాను.