నీడ లేని మధ్యాహ్నం

మా అమ్మాయి ఆరో తరగతికి వచ్చినప్పటి నుంచి మా ఇంట్లో ఇంకో మనిషి చేరినట్టయింది. కంటికి కనిపించదు కానీ అన్నం దగ్గరా, జడ వేసే దగ్గరా ఆమె ముచ్చటే. వాళ్ల సైన్స్ మేడమ్.

"మా మేడమ్ నిమ్మకాయలతో చిన్న లైటు వెలిగించారు మమ్మీ."

"మా మేడమ్ పసుపు నీళ్లలో సబ్బు కలిపితే ఎర్రగా మారింది తెలుసా?"

"అది నాకు తెల్వదా? నీ బట్టల మీద పసుపు మరకలు ఉతికేది నేనే గద" అన్నాను.

"మరి ఎందుకు మారుతుందో తెలుసా?"

తెలియదు. గిన్నెలు కాస్త గట్టిగా సర్దాను.

మాది నాచారం పాత ఊరు. ఇంట్లో వచ్చిండు, పోయిండు అనే మాట్లాడుకుంటాం. ఆ మేడమ్ వాళ్లు గోదావరి వైపు నుంచి ఎప్పుడో ఉద్యోగానికి వచ్చి ఉప్పల్‌లో స్థిరపడ్డ వాళ్లు. ఒక సాయంత్రం నా కూతురు గుమ్మంలో నిలబడి, "నాన్న ఇంకా రాలేదేంటి?" అంది. నాకు ఒళ్లు మండింది.

"ఏందే గా రాలేదేంటి? ఎవల మాటలే గివి?"

అది బిత్తరపోయి చూసింది. నేను కడుపులో మోసి కన్న పిల్ల నోట్లో ఇంకొకరి మాట. దాన్ని ఎవరితో చెప్పుకోవాలి?

ఆగస్టులో, మిట్టమధ్యాహ్నం నీడ కనిపించకుండా పోయే రోజున పిల్లలను ఉప్పల్‌లోని ఒక పరిశోధన సంస్థ మైదానానికి తీసుకెళ్తామని బడి నుంచి కబురు వచ్చింది. తోడుగా ఇద్దరు ముగ్గురు తల్లులు కావాలన్నారు. తల్లుల వాట్సాప్ గ్రూపులో అందరికంటే ముందు "నేనొస్తా" అని పెట్టాను. పిల్లలను చూసుకోవడానికి కాదు, ఆమెను చూడటానికి.

ఆమెను చూశాక ఇంకా కోపం వచ్చింది. అందగత్తె అయితే సర్దుకునేదాన్ని. ఎండకు కమిలిన మొహం, రబ్బరు బ్యాండు వేసిన జుట్టు, భుజాన ప్లాస్టిక్ పైపు ముక్కలతో నిండిన సంచి. నేనేమో పట్టుచీర ఒకటి తక్కువ, పెళ్లికి పోతున్నట్టు తయారై వచ్చాను. బస్సులో నా కూతురు ఆమె పక్కన కూర్చుంది. నా పక్కన నీళ్ల సీసాల సంచి కూర్చుంది.

మైదానంలో పిల్లలు స్టీలు గ్లాసులు బోర్లించారు, పైపులను నిటారుగా నిలబెట్టారు. అంతలోనే మబ్బు కమ్మింది. అందరి మొహాలూ వాడిపోయాయి. నాకు మాత్రం లోపల హాయిగా అనిపించింది. ఒక్కసారైనా ఈమె చెప్పింది జరగకుండా పోనీ అనుకున్నాను.

నా కూతురి కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఏడువకు బిడ్డా" అంటూ చేయి చాచాను. అది నా చేతి కింది నుంచి జారి ఆమె దగ్గరికి పోయింది.

"మేడమ్, ఎండ రాకపోతే?"

"రాకపోతే వచ్చే మే నెలలో ఇంకోసారి ఇలాగే అవుతుంది. అప్పుడు మీ మేడ మీద నువ్వే నాకు చూపించాలి. సరేనా?"

కన్నీళ్లతోనే నవ్వింది పిల్ల. ఆ మాట నాకెందుకు తట్టలేదు?

మబ్బు ఉన్నట్టుండి చీలింది. నా కాళ్ల ముందు ఎవరిదో స్టీలు గ్లాసు, చుట్టూ తెల్లటి ఎండ. ఏ పక్కా నీడ లేదు. వంగి చూశాను. అటు తిరిగి చూశాను.

"అరే, నీడ ఏది? నీడ యాడవోయింది!"

పిల్లలందరి కంటే నా కేకే గట్టిగా వినిపించినట్టుంది. అందరూ నా వైపు తిరిగారు. మేడమ్ వచ్చింది.

"మీరు ఇంతకుముందు చూడలేదా?"

"యాడ జూస్తం మేడమ్? మా బడిల ల్యాబ్‌కు ఎప్పుడూ తాళమే. బోర్డు మీద రంగు చాక్‌పీసులతోని ఏదన్న గీస్తే గదే మాకు ప్రయోగం."

ఆమె నవ్వలేదు. ఒక పైపు ముక్క, దారానికి కట్టిన ఒక నట్టు నా చేతికిచ్చింది. "ఈ దారం వేలాడదీసి, దానికి సమంగా పైపును నిటారుగా నిలబెట్టండి. తొందరగా, మళ్లీ మబ్బు వస్తుంది."

చీర కుచ్చిళ్లు మట్టిలో పడనిచ్చి కూర్చున్నాను. పైపు నిలబెట్టి, ఎండకు అడ్డం రాకుండా పక్క నుంచి తొంగి చూస్తే అడుగున ఎండ గుండ్రంగా పడి ఉంది. ఆరో తరగతి వయసులో ఇది నాకు ఎవరైనా చూపించి ఉంటే! తల ఎత్తితే నా కూతురు సంబరంతో ఎగురుతోంది. నిజం చెప్పాలంటే, అప్పుడు మేడమ్ మీద కుళ్లు కాస్త తగ్గి కూతురి మీదికి మళ్లింది. దానికి ఇవన్నీ ఎంత తేలిగ్గా దొరుకుతున్నాయి!

ఇంటికి రాగానే అత్తమ్మ అడిగింది. "ఏం జూసిన్రే?"

"నానమ్మా, సూర్యుడు సరిగ్గా నెత్తిమీద..."

"నేను జెప్త ఆగు" అన్నాను.

"నువ్వు తప్పు చెప్తావ్ మమ్మీ!"

"నా చేతులతోని నిలబెట్టిన, నాకెందుకు తెల్వదే?"

"ఎవలో ఒకలు జెప్పున్రి" అంది అత్తమ్మ విసుగ్గా. నేను ఆగలేదు. నా కూతురూ ఆగలేదు.