కలలు రాని నిద్ర

నిద్ర సరిగా పట్టడం లేదని ఈ రోజు మా అమ్మాయి నన్ను హనుమకొండలో ఒక క్లినిక్‌కు తీసుకెళ్లింది. అక్కడ నిద్రకోసం ఒక యంత్రం ఉంది. కళ్లకు పెట్టే అద్దాల్లో లైట్లు టకటకా వెలిగి ఆరుతుంటాయి, చెవుల్లో అదే లయలో శబ్దం వస్తుంది. మెదడు ఆ లయను అందుకుని నిద్రలోకి జారుతుందట.

"ఫికర్ చేయకుండ్రి అంకుల్, కలలు గూడ రావు, మంచిగ పండుకుంటరు" అంది అద్దాలు పెడుతున్న టెక్నీషియన్.

అద్దాలు తీసేసి లేచి నిలబడ్డాను.

"లైట్లకే గింత భయమా బాపూ?" అని మా అమ్మాయి నవ్వింది.

అవునన్నాను.

వాళ్లమ్మ పోయినప్పటి నుంచి, తెల్లవారుజామున పట్టే కాస్త నిద్రలోనే నాకు కనిపిస్తోంది. "బీపీ గోలి ఏసుకున్నరా?" అని అడిగి వెళ్లిపోతుంది.

రేపు మళ్లీ రమ్మన్నారు. ఆ యంత్రం వాడినవాళ్లుంటే చెప్పండి, కలలు నిజంగానే ఆగిపోతాయా?