ఒక్కసారే చెప్పే కాపలా

మా బావను ఆఫీసులో తాళాల డాక్టరు అంటారు. ఇంటి తాళంచెవి ఎక్కడో పారేసుకుని గుమ్మం ముందు అరగంట నిలబడే మనిషికి ఆ పేరేమిటని అక్క ఆటపట్టించేది. బావ చూసే తాళాలు వేరు. కంప్యూటరును నడిపించే కెర్నెల్ అనే మూల ప్రోగ్రాంలో, ఒకే సమాచారాన్ని రెండు పనులు ఒకేసారి ముట్టుకోకుండా వేసే తాళాలవి. వేసే వరుస తప్పితే, ఒకదాని కోసం ఒకటి ఎదురుచూస్తూ పనులన్నీ బిగుసుకుపోతాయి.

ఆ వరుసను కనిపెట్టే కాపలా ప్రోగ్రాం ఒకటుంది. దానిదో వింత అలవాటు. మొదటి తప్పు కనబడగానే పెద్ద హెచ్చరిక రాసి, ఇక నోరు మూసుకుంటుంది. మిషన్ను మళ్ళీ మొదటినుంచి ఆన్ చేస్తే తప్ప మాట్లాడదు. కొత్తవాళ్ళెవరైనా "హెచ్చరికలు ఆగిపోయాయి సార్, సరిపోయినట్టుంది" అంటే బావ మండిపడేవాడు.

"సరిపోలేదయ్యా, అది చెప్పడం మానేసింది. మొదట చెప్పిన ఆ ఒక్క మాట చూడు."

అప్పట్లో ఒక సర్వరు నాలుగు రోజులకోసారి బిగుసుకుపోతోంది. ఎందుకో అంతుచిక్కడం లేదు. ఒక ఉదయం అక్క గిన్నెలు కడుగుతూ "మెట్లెక్కుతుంటే గుండెల్లో పట్టేస్తోందండీ" అంది. బావ తెర మీంచి చూపు తిప్పకుండానే "ఇది తేలనీ, డాక్టరు దగ్గరికెళ్దాం" అన్నాడు.

అక్క మళ్ళీ ఆ ఊసెత్తలేదు. మెట్ల మధ్యలో మాత్రం చెంగు సర్దుకుంటున్నట్టు ఆగేది. అప్పట్లో వాళ్ళింట్లోనే ఉండేవాణ్ణి, నేనూ చూశాను. నేనూ అడగలేదు.

అక్క ఆ మాటన్న పంతొమ్మిదో రోజున సర్వరులో తప్పు దొరికింది. ఇది వేరే సంగతిలే అని బావతో సహా అందరూ వదిలేసిన మొదటి హెచ్చరికలోనే ఉంది. సంబరంగా పెందలాడే ఇంటికొచ్చిన బావకు, మెట్ల మీద గోడకు తల ఆనించి కూర్చున్న అక్క కనిపించింది. పక్కన కూరగాయల సంచి. అప్పటికే ప్రాణం లేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. అందరూ వెళ్ళాక నిలదీశాను. "ఇంకోసారి అడగలేదేం బావా?"

"మళ్ళీ అనలేదు కదరా, తగ్గిందనుకున్నా..."

తన మాట తన చెవినే పడ్డట్టు ఆగిపోయాడు. ఆ తర్వాత ఆయన ఏడ్చిన ఏడుపు జన్మలో మరచిపోలేను. నా కోపం అక్కడే నీరుగారిపోయింది.

మొన్న ఫోన్లో మాటల మధ్య నడుము నొప్పిగా ఉందన్నాను. మర్నాడు పొద్దున్నే గుమ్మంలో బావ, చేతిలో ఆసుపత్రి చీటీ.

"అయ్యో, తగ్గిపోయింది బావా!"

"తగ్గిపోయిందో, చెప్పడం మానేశావో నాకేం తెలుసురా? చెప్పులేసుకో, పద."