సింకులో పారబోసిన గుడ్లు

మొన్న తొలకరి పడ్డ సాయంత్రం మా మనవరాలు బడిలో ఇచ్చిన ప్రాజెక్టు ముందేసుకుని కూర్చుంది. అంతరించిపోతున్న రెండు జీవులను పోల్చి రాయాలట. ఒకటి దక్షిణ అమెరికాలో ఏదో సరస్సు కప్ప, రెండోది అక్కడి కొండల్లో తిరిగే టేపిర్, పందికి చిన్న తొండం పెట్టినట్టుండే జంతువు. టేపిర్ ఏడాదికి పైగా మోసి ఒక్క పిల్లను కంటుందనీ, కప్ప వందల గుడ్లు పెడుతుందనీ రాసుకుని, పెన్ను ఆపి నన్నడిగింది.

"అమ్మమ్మా, ఒక్కదాన్నే కనేది తగ్గిపోయిందంటే సరే. ఇన్ని గుడ్లు పెట్టేది ఎలా తగ్గిపోయింది?"

ముప్పై ఏళ్లు ఏలూరు కాలేజీలో జంతుశాస్త్రం చెప్పిన నేను, రేపు చెబుతానని లేచి వంటింట్లోకి వెళ్లాను.

మన తరంలో సైన్సు చదివినవారికి ఆ క్లోరోఫాం వాసన, మైనం పోసిన ట్రేలో కాళ్లకు సూదులు గుచ్చి పడుకోబెట్టిన కప్ప గుర్తుండే ఉంటాయి. మా కాలేజీకి కప్పలు తెచ్చేది మండవల్లిలో ఉండే మా బాబాయే. తొలకరి పడిన మర్నాడు వరిచేలల్లో వాటిని పట్టి, తడిపిన గోనెసంచిలో గుర్రపుడెక్క పరిచి అందులో వేసుకుని, దారి పొడవునా కండక్టరు చేత చీవాట్లు తింటూ బస్సులో వచ్చేవారు. నాకేమో గుడ్లున్న ఆడకప్పలే కావాలి, అండాశయాలు పిల్లలకు బాగా కనబడతాయని. ఒక ఏడు ఆయన సంచి దించి, కండువాతో మొహం తుడుచుకుంటూ నెమ్మదిగా అన్నారు.

"పొట్టతో ఉన్నవాటిని వదిలేద్దామమ్మా. మగవాటినే తెస్తాను."

కప్పలకేం కరువండీ బాబాయిగారూ, ఒక్కోదాని కడుపులో వేలున్నాయి కదా అని నవ్వాను. ఆ తర్వాత కూడా ఆయన గుడ్లున్నవాటినే తెచ్చారు. ప్రాక్టికల్స్ అయ్యాక ఆ నల్లటి గుడ్లను గుప్పిళ్లతో సింకులో పారబోసి కుళాయి తిప్పేదాన్ని.

మర్నాడు పొద్దున్నే కప్పలను చూపిద్దామని మనవరాలిని మండవల్లి తీసుకెళ్లాను. బాబాయి లేరు, ఆ చేలూ లేవు, అన్నీ చేపల చెరువులే. పిల్ల కప్పల అరుపు రికార్డు చేద్దామని ఫోను పట్టుకుని నిలబడితే, నేను మోకాళ్ల నొప్పి కూడా మరచి, ఒక్క కప్పనైనా చూపించమని దేవుణ్ణి బతిమాలుకుంటూ గట్టంతా వంగి వెతికాను. చెరువుల్లో నీళ్లు చిలికే ఏరేటర్ల మోత తప్ప ఏమీ వినబడలేదు. చెరువులూ, పురుగుమందులూ చేసినదాన్ని కూడా నా నెత్తినే వేసుకుంటున్నానని మావారు కోప్పడతారు. కావచ్చు, కానీ ఆ కుళాయి తిప్పిన చెయ్యి నాదే కదా.

ఒకప్పుడు తొలకరి పడితే ఆ అరుపుల్లో ఒకరి మాట ఒకరికి వినబడక, ఇంట్లోనే గొంతు పెంచి మాట్లాడుకునేవాళ్లం. ఇప్పుడు ఎంత మెల్లగా చెప్పినా వినబడుతుంది. ఆ పిల్లకు చెప్పవలసింది మాత్రం నేనింకా చెప్పలేదు.